ఖలీఫా కుంచె, నిజాం ఖజానా, మన పలుకు



మంచిర్యాల జిల్లా జైపూర్ నుంచి మాట్లాడుతున్నాను. సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు మాది. ఈ పక్క ఇందారం, శ్రీరాంపూర్ బొగ్గుబాయిలు. గోదావరి దాటితే గోదావరిఖని, రామగుండం. రాత్రి షిఫ్ట్ దిగి వచ్చినవాళ్ళు, రెండో షిఫ్ట్‌కు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నవాళ్ళు కూడా ఇప్పుడు రేడియో దగ్గర ఉండొచ్చు. బొగ్గు గురించి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ పూట బొమ్మల గురించి, కవిత్వం గురించి, భక్తి గురించి, వాటిని పోషించిన ప్రభువుల గురించి మాట్లాడుకుందాం. కథ మొదలయ్యేది టర్కీ దేశంలోని ఇస్తాంబుల్ నగరంలో. అక్కడి నుంచి హైదరాబాద్ చేరుతుంది. హైదరాబాద్ నుంచి మన గోదావరి ఒడ్డుకు వస్తుంది.

ఇస్తాంబుల్ రాజధానిగా మూడు ఖండాల్లో రాజ్యం ఏలిన ఒట్టోమన్ సుల్తానులలో కళలంటే ప్రాణం పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. 1520 నుంచి 1566 దాకా ఏలిన సులేమాన్ స్వయంగా కవి. 'ముహిబ్బీ' ఆయన కలం పేరు. సినాన్ అనే మహాశిల్పి చేత ఆయన కట్టించిన సులేమానియే మసీదు ఇప్పటికీ ఇస్తాంబుల్ కొండ మీద నిలిచి ఉంది. 1789లో గద్దెనెక్కిన మూడో సెలీం సంగీతకర్త, మౌలానా రూమీ బాటలో నడిచే మెవ్లెవీ సూఫీల భక్తుడు. వాళ్ళ ప్రార్థనా సభల్లో పాడే సంగీతాన్ని కూడా ఆయన సమకూర్చాడు. సులేమాన్ అక్కడ ఏలుతున్న రోజుల్లోనే మన గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కవిని రాజు పోషించడం, రాజును కవి నిలబెట్టడం అటూ ఇటూ ఉన్న సంప్రదాయమే.

ఆ ఒట్టోమన్ వంశంలో ఆఖరి ఖలీఫా గురించే ఈరోజు నేను చెప్పబోతున్నాను. ఆయన పేరు రెండో అబ్దుల్ మజీద్. ఆయన చేతిలో సైన్యం లేదు, రాజ్యం లేదు. ఉన్నవి రెండే: ఖలీఫా పదవి, చిత్రకారుడి కుంచె.

అబ్దుల్ మజీద్ 1868లో పుట్టాడు. తండ్రి సుల్తాన్ అబ్దుల్ అజీజ్. ఆయనకూ బొమ్మలు గీయడం, సంగీతం కట్టడం తెలుసు. 1876లో ఆ తండ్రిని గద్దె దింపారు. కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు. అప్పటికి పిల్లవాడికి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత గద్దెనెక్కిన రెండో అబ్దుల్ హమీద్ తన వంశంలోని రాజకుమారుల మీద గట్టి నిఘా పెట్టాడు. అబ్దుల్ మజీద్ ముప్పై ఏళ్ళకు పైగా దాదాపు కాపలాలోనే బతికాడు. ఆ నిర్బంధంలో ఆయనకు తోడుగా నిలిచినవి రంగులు, పుస్తకాలు, పియానో, వయొలిన్. అరబ్బీ, పారశీకం, ఫ్రెంచ్, జర్మన్ భాషలు నేర్చాడు. అందమైన దస్తూరీ సాధన చేశాడు.

1908లో టర్కీలో రాజ్యాంగ పాలన మళ్ళీ వచ్చింది. రాజకుమారుల మీద కట్టడి సడలింది. సరిగ్గా అప్పుడే ఆయనలోని పోషకుడు బయటికి వచ్చాడు. 1909లో అక్కడి చిత్రకారులు కలిసి ఒట్టోమన్ చిత్రకారుల సంఘం పెట్టుకుంటే, దానికి ఆయన గౌరవాధ్యక్షుడయ్యాడు. సంఘం నడిపిన పత్రికకు అండగా నిలిచాడు. హుసేన్ అవ్నీ లిఫిజ్ అనే పేద కుర్రవాడిలోని ప్రతిభ గుర్తించి, చదువు కోసం పారిస్ పంపించాడు. ఆ కుర్రవాడు తర్వాత టర్కీ ఆధునిక చిత్రకళలో పేరున్న కళాకారుడయ్యాడు. ఒక యువరాజు దర్బారులో కూర్చుని మెచ్చుకోలు మాటలు వినడం వేరు. పైకి రావలసిన ఒక చేతిని వెతికి పట్టుకుని, దానికి దారి చూపించడం వేరు. అబ్దుల్ మజీద్ రెండో పని చేశాడు. అందుకే ఆయన పేరు కళాచరిత్రలో మర్యాదగా వినిపిస్తుంది.

ఆయన వేసిన బొమ్మల్లో బాగా పేరు పొందింది 1915 నాటి 'అంతఃపురంలో బీతోవెన్'. ఆ బొమ్మలో అంతఃపుర స్త్రీలు వయొలిన్, పియానో వాయిస్తుంటారు. జర్మన్ సంగీతకారుడు బీతోవెన్ ప్రతిమ ఒక పక్కన ఉంటుంది. అబ్దుల్ మజీద్ తానే సైనిక దుస్తుల్లో కూర్చుని శ్రద్ధగా వింటుంటాడు. ఇంకో బొమ్మలో అంతఃపుర స్త్రీ ఒకామె జర్మన్ మహాకవి గోథే పుస్తకం చేతబట్టుకుని ఉంటుంది. ఆ కాలంలో ఐరోపా చిత్రకారులు అంతఃపురం అనగానే సోమరితనం, విలాసం గీసేవాళ్ళు. అక్కడే పుట్టి పెరిగిన ఈయన మాత్రం చదువుకునే ఆడవాళ్ళను, సంగీతం తెలిసిన ఆడవాళ్ళను గీశాడు. మనిషి రూపం గీయడం మీద మతపెద్దల్లో అభ్యంతరాలున్న రోజుల్లో, మతానికి పెద్దదిక్కు కాబోతున్న మనిషి ఆ పని చేశాడు. తన విశ్వాసానికీ తన కళకూ మధ్య ఆయనకు తగాదా కనిపించలేదు.

1922లో టర్కీ జాతీయ సభ సుల్తాను పదవిని రద్దు చేసింది. చివరి సుల్తాన్ ఆరో మెహమెద్ దేశం విడిచి వెళ్ళిపోయాడు. నవంబరులో సభ అబ్దుల్ మజీద్‌ను ఖలీఫాగా ఎన్నుకుంది. ఖలీఫా అంటే ముస్లిం ప్రపంచానికి ఆధ్యాత్మిక పెద్ద. రాజ్యాధికారం లేకుండా ఆ ఆధ్యాత్మిక స్థానం ఒక్కటే ఉన్న మొదటి ఒట్టోమన్ ఆయనే, చివరివాడూ ఆయనే. ప్రతి శుక్రవారం నమాజుకు ఆయన ఊరేగింపుగా వెళ్తుంటే ఇస్తాంబుల్ జనం వీధుల్లో నిలబడి చూసేవాళ్ళు. పదహారు నెలలు గడిచాయి. 1924 మార్చి 3న సభ ఖలీఫా పదవిని కూడా రద్దు చేసింది. ఆ రాత్రే ఆయన్ను దోల్మబాచే రాజభవనం నుంచి బయలుదేరదీశారు. జనం గుమిగూడకుండా నగరం బయటి చతల్జా స్టేషన్‌కు తీసుకెళ్ళి రైలెక్కించారు. మొదట స్విట్జర్లాండ్, తర్వాత ఫ్రాన్స్‌లోని నీస్ పట్నం. దేశం లేదు, ఆదాయం లేదు. యాభై ఐదేళ్ళు దాటిన వయసు, వెంట కుటుంబం.

శ్రోతలారా, కథ మన దగ్గరికి వచ్చేది ఇక్కడే. కష్టంలో ఉన్న ఖలీఫాకు చేయందించినవాడు హైదరాబాద్ పాలకుడు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అంతకు కొద్దేళ్ళ ముందే, ఖలీఫా పదవిని నిలబెట్టాలని భారతదేశంలో ఖిలాఫత్ ఉద్యమం నడిచింది. గాంధీజీ, అలీ సోదరులు కలిసి నడిపిన ఉద్యమం అది. ఆ నాయకుల్లో ఒకడైన షౌకత్ అలీ చొరవతో నిజాం ఖలీఫాకు నెలకు 300 పౌండ్లు జీవితకాల భత్యంగా ఏర్పాటు చేశాడు. నీస్‌లో, తర్వాత పారిస్‌లో ఖలీఫా బొమ్మలు వేసుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ గడిపిన ఆ చివరి రెండు దశాబ్దాల బతుకుకు ఆధారం హైదరాబాద్ నుంచి వెళ్ళింది.

నిజాం చేసిన ఈ పనిని విడిగా చూడకూడదు. అజంతా గుహలు ఆనాడు హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. 1914లో రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దానికి అధిపతి. గోడల మీది బౌద్ధ చిత్రాలు పెచ్చులూడి పోతుంటే, 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి వాటిని నిలబెట్టారు. యజ్దానీ ఆ చిత్రాలను నాలుగు సంపుటాల్లో ప్రపంచం ముందు పెట్టాడు. పూనాలోని భండార్కర్ సంస్థ మహాభారతానికి పరిశోధిత ప్రతి సిద్ధం చేస్తుంటే, నిజాం ఏడాదికి వెయ్యి రూపాయల చొప్పున 11 ఏళ్ళు సాయం చేశాడు. ఆ సంస్థ అతిథి గృహానికి ఇప్పటికీ నిజాం పేరే ఉంది. రవీంద్రనాథ్ టాగూర్ విశ్వభారతికి లక్ష రూపాయలు ఇచ్చాడు. మార్మడ్యూక్ పిక్తాల్ అనే ఆంగ్లేయుడు ఇస్లాం స్వీకరించి, హైదరాబాద్‌లో బడి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసేవాడు. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తేవడానికి నిజాం ఆయనకు జీతంతో కూడిన సెలవు ఇచ్చాడు. ఆ అనువాదం 1930లో వెలువడింది, ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతున్నారు. బౌద్ధం, వైదికం, ఇస్లాం అనే తేడా లేకుండా ఈ ఖజానా నుంచి సాయం అందింది. ఈ గొప్పతనాన్ని నిండు మనసుతో ఒప్పుకోవాలి.

1931 నవంబరు 12న నీస్ పట్నంలో ఒక పెళ్ళి జరిగింది. ఖలీఫా ఏకైక కుమార్తె దుర్రు షెహవార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజం జాకు ఇచ్చారు. అదే రోజు, ఐదో మురాద్ సుల్తాన్ వంశానికి చెందిన నీలోఫర్‌కు నిజాం రెండో కొడుకు మొజ్జం జాతో పెళ్ళయింది. ఇద్దరు ఒట్టోమన్ ఆడబిడ్డలు హైదరాబాద్ కోడళ్ళయ్యారు. ఖలీఫాల వంశం, ఆసఫ్‌జాహీల వంశం ఒక్కటయ్యాయని ప్రపంచ పత్రికలు రాశాయి.

సరిగ్గా పదేళ్ళ ముందు, 1921లో అదే నవంబరు 12న హైదరాబాద్ నగరంలో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. వివేకవర్ధని ప్రాంగణంలో సంఘ సంస్కార సభ నడుస్తోంది. ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, ఇంగ్లీషులో మాట్లాడారు. అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల మొదలైంది. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు ఒకచోట చేరి ఆంధ్ర జన సంఘాన్ని మొదలుపెట్టారు. మాడపాటి హనుమంతరావు వాళ్ళలో ముఖ్యుడు. ఆ సంఘమే పెరిగి పెరిగి ఆంధ్ర మహాసభ అయింది.

ఈ రెండు నవంబరు 12లను నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి నిజాం ఆదరణ ఎంత దూరం చేరిందో చెబుతుంది. రెండోది ఎంత దగ్గరివాళ్ళకు చేరలేదో చెబుతుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి, దేశభాషలో ఉన్నత చదువు చెప్పడం నిజంగా సాహసమే. కానీ ఆ భాష ఉర్దూ. తెలుగు ఊళ్ళో పుట్టిన పిల్లవాడు బడికి వెళ్తే తన అమ్మ మాట అక్కడ వినిపించేది కాదు. పైఅధికారుల అనుమతి లేనిదే ప్రైవేటు బడి పెట్టుకోవడం, సభ జరుపుకోవడం కష్టమయ్యేది. అజంతా గోడ మీద పెచ్చు ఊడకుండా చూసిన ప్రభుత్వానికి, మన పిల్లవాడి నోట్లో పలుకు ఎండిపోతోందన్న బాధ తాకలేదు.

మరి ఆ పలుకును ఎవరు పోషించారు? మనవాళ్ళే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టింది చదువుకున్న సామాన్యులు, వాళ్ళకు తోడు నిలిచిన కొందరు జమీందారులు. తర్వాత ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. పుస్తకం దాచుకోవడానికి కూడా భయపడే రోజుల్లో పెట్టెల్లో మోసుకెళ్ళి పంచారు. 1928లో మాడపాటి వారు ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారు. సురవరం వారు వాదం పెట్టుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఏ సుల్తానూ ఏ నిజామూ ఇవ్వని అక్షర లక్షలు అవి. అగ్రహారం లేకుండా, కనకాభిషేకం లేకుండా, సొంత పని చేసుకుంటూ రాత్రిపూట దీపం ముందు పద్యం రాసుకున్న 354 మంది.

ఇక మన జిల్లాకు వద్దాం. అప్పటి ఉమ్మడి ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు, కొలాములకు తమ దేవతలు, తమ కథలు, తమ వాద్యాలు ఉన్నాయి. వాళ్ళ పాటలను, పురాణాలను తరతరాలుగా నోటికి మోసుకొస్తున్న పర్ధాన్‌లు ఉన్నారు. ఈ గిరిజనుల భూములను అటవీశాఖ లాక్కుంటుంటే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాడు. ఆ రక్తం చిందాకనే ప్రభుత్వం కళ్ళు తెరిచింది. ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ళ బాధలు రాసి నివేదికలిచ్చాడు. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి, మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో గిరిజనుల మొర వినడానికి దర్బారు పెట్టే ఆనవాయితీ ఆ కాలం నుంచే వచ్చింది. అది మంచి పనే. కానీ ఆ జాతరను నిలబెట్టింది దర్బారు మాత్రం కాదు. గోండుల్లోని మెస్రం వంశీయులు పుష్యమాసంలో కాలినడకన జన్నారం దగ్గర గోదావరి దాకా వచ్చి, కలశంలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ కేస్లాపూర్ నడుస్తారు. నిజాం రాకముందూ నడిచారు, నిజాం పోయాకా నడుస్తున్నారు. తమ దేవుడి గుడిని ఈమధ్య తామే చందాలు వేసుకుని రాతితో కట్టుకున్నారు. ఆధ్యాత్మిక జీవితానికి అసలైన పోషణ ఏమిటో మెస్రం వాళ్ళ నడకను చూస్తే తెలుస్తుంది.

మా జైపూర్‌కు పక్కనే చెన్నూరు. అక్కడ వానమామలై వరదాచార్యులు గారు తెలుగు పండితులుగా పనిచేశారు. 1912లో వరంగల్లు దగ్గరి మడికొండలో పుట్టి, చెన్నూరునే తన ఊరు చేసుకున్నారు. ఆయన మహాకావ్యం 'పోతన చరిత్రము'. పోతన సంగతి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. భాగవతాన్ని నరుడికి ఇవ్వను, నారాయణుడికే ఇస్తానన్న కవి. హలం పట్టి పొలం దున్నుకుని, కలం పట్టి భాగవతం రాశాడని మన పెద్దలు చెప్పుకునేవారు. రాజుల ఆదరణ వద్దనుకున్న ఆ కవి బతుకును, రాజుల ఆదరణ ఎరుగని ఒక బడిపంతులు, గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్నంలో కూర్చుని కావ్యంగా కట్టాడు. తెలుగుదేశం ఆయన్ను అభినవ పోతన అన్నది. మన బొగ్గుబాయిల ప్రాంతానికి ఇంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది? అయినా ఆయన పేరు తెలిసిన పిల్లలు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారని అడిగితే నాకు దిగులేస్తుంది.

ఖలీఫా కథ ముగించి మళ్ళీ మన సంగతికి వస్తాను. 1944 ఆగస్టు 23న, నాజీల చెర నుంచి పారిస్ విముక్తమవుతున్న రోజుల్లో అబ్దుల్ మజీద్ అక్కడే కన్నుమూశాడు. సొంతగడ్డ మీద ఖననానికి టర్కీ ఒప్పుకోలేదు. పదేళ్ళు ఆయన పార్థివదేహం పారిస్ మసీదులోనే ఉంది. 1954లో మదీనాకు చేర్చారు. ఆయన పోయిన మరుసటి సంవత్సరం, 1945లో, నిజాం ప్రభుత్వం సింగరేణి కంపెనీలో ఎక్కువ వాటాలు కొని దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1889 నుంచి ఇల్లందులో తవ్వుతున్న బొగ్గు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అని పేరు పెట్టుకున్న కంపెనీ అలా రాజ్యం సొత్తు అయింది. ఖలీఫా మనవడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే, హైదరాబాద్ మక్కా మసీదులో ఖననం చేశారు. వంశం కథ అక్కడితో ఒక కొలిక్కి వచ్చింది.

కానీ ఆ ఇద్దరు ఒట్టోమన్ కోడళ్ళు మన దగ్గర వదిలి వెళ్ళినది మిగిలే ఉంది. దుర్రు షెహవార్ పరదా పాటించలేదు, ఆడపిల్లల చదువు కోసం, వైద్యం కోసం నిలబడింది. పాతబస్తీ పురానీ హవేలీలోని పిల్లల ఆస్పత్రి ఆమె పేరు మీదే ఉంది. నీలోఫర్ దగ్గర రఫత్ అనే పనిమనిషి ఉండేది. 1949లో ప్రసవంలో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ చావు నీలోఫర్‌ను కదిలించింది. తల్లులకు, పిల్లలకు ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ఉండాలని పట్టుపట్టింది. 1953లో రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి వచ్చింది. పుట్టిన బిడ్డకు ప్రాణం మీదికి వస్తే, మంచిర్యాల నుంచైనా, గోదావరిఖని నుంచైనా డాక్టర్లు రాసిచ్చే పేరు అదే. చీటీ చేతపట్టుకుని రాత్రికి రాత్రి అంబులెన్సులో బయలుదేరే మన అమ్మలకు ఒట్టోమన్ వంశం ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఒక రాజకుమారి, ఒక పనిమనిషి చావును తన ఇంటి చావుగా తలచింది కాబట్టి ఆ ఆస్పత్రి నిలబడింది.

శ్రోతలారా, ఇంత కథ చెప్పింది ఎందుకంటే, పోషణ గురించి నాకు ఒక గట్టి నమ్మకం ఉంది. ప్రభువు ఎంత ఇచ్చాడన్నదాని కన్నా, ఇచ్చింది ఎవరి బతుకులోకి చేరిందన్నదే నిలుస్తుంది. అబ్దుల్ మజీద్ రాజ్యం పోయింది. ఆయన పారిస్ పంపిన పేద కుర్రవాడి బొమ్మలు మిగిలాయి. నిజాం కిరీటం పోయింది. అజంతా మిగిలింది, పిక్తాల్ అనువాదం మిగిలింది, నీలోఫర్ ఆస్పత్రి మిగిలింది. రాజు పట్టించుకోని చోట జనం పూనుకున్నారు కాబట్టి తెలుగు మిగిలింది, నాగోబా జాతర మిగిలింది.

ఇప్పుడు మన దగ్గర సుల్తానూ లేడు, నిజామూ లేడు. మన ప్రాంతపు కళకు, పలుకుకు, భక్తికి పోషకులం మనమే. చెమట పట్టిన చేతులు కళను ఎట్లా కాపాడతాయో మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. దండేపల్లి మండలంలోని ఒక పల్లెలో పుట్టిన గూడ అంజయ్య పాటలు తెలంగాణ అంతటా మార్మోగాయి. ఆ పాటకు దర్బారు లేదు. కూలి చేసుకునేవాళ్ళ గొంతులే దానికి దర్బారు. బాయిలో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కార్మికులు పని బరువు మరచిపోవడానికి పాడుకున్న పాటలు, క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాల్లో రాత్రంతా జరిగిన ఒగ్గుకథలు, బతుకమ్మ చుట్టూ మన అక్కాచెల్లెళ్ళు అప్పటికప్పుడు కట్టిన పాటలు, ముస్లింలతో పాటు హిందువులూ మొక్కుకునే పీరీల పండుగ, గాంధారి ఖిల్లాలో నాయకపోడుల మైసమ్మ జాతర: ఇవన్నీ మన ఖజానా. ఓపెన్‌కాస్టులు వచ్చాక ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. ఊరు లేస్తే ఆ ఊరి బొడ్రాయి, ఆ ఊరి పీర్ల చావడి, ఆ ఊరి పాట కూడా లేచిపోతాయి. ఇంటికీ పొలానికీ నష్టపరిహారం లెక్క కట్టగలరు. పాటకు లెక్క కట్టేవాళ్ళు ఎవరూ లేరు. దాన్ని కాపాడుకోవాల్సింది మనమే.

అందుకని నాలుగు పనులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, మీ ఇంట్లో రిటైరైన తాత ఉంటే, ఆయన బాయిలో పాడిన పాట, విన్న కథ ఏదైనా ఉంటే, మీ సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ సంవత్సరం, ఏ బాయి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, అదీ అడిగి చెప్పించండి. రెండు, మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి పోతన చరిత్రము ఉందా, గోలకొండ కవుల సంచిక ఉందా అని అడగండి. లేకపోతే తెప్పించమని రాసివ్వండి. పదిమంది రాసిస్తే తెప్పించక తప్పదు. మూడు, పెళ్ళిలోనో పండుగలోనో ఒగ్గుకథ చెప్పించినప్పుడు, డప్పు కొట్టించినప్పుడు, కళాకారుడితో బేరమాడకండి. కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మర్యాదగా ఇవ్వండి. నాలుగు, ప్రతి ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు వేదిక మీద మన ప్రాంతపు కవి ఒకరు, గాయని ఒకరు, బొమ్మలేసే పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉండాలని యూనియన్లు, కాలనీ పెద్దలు కలిసి అడగండి.

ఈ నాలుగింటికీ రాజు అవసరం లేదు, పెద్ద డబ్బూ అవసరం లేదు. ఒక ఖలీఫా ఒక పేద కుర్రవాడి చేతిలోని ప్రతిభ చూసినట్టు, మన ఎదురింటి పిల్లవాడిలోని ప్రతిభను మనం చూడగలిగితే చాలు. బొమ్మలు బాగా వేసే పిల్లవాడు మీ వాడలో ఉంటే వాడికి ఈ వారమే ఒక రంగుల డబ్బా కొనివ్వండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.